అడవి మధ్య గోల్ఫు

(ప్రవాస తెలుగువారి రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

పోయినవారం ఈ కార్యక్రమంలో ఆవకాయ గురించి మాట్లాడిన అక్కయ్యగారి తర్వాత గోల్ఫు గురించి మాట్లాడ్డమంటే, పెళ్ళిభోజనం చేసినవాళ్ళకి మరమరాలు పెట్టినట్టే. అయినా నిర్వాహకులు అడిగారు, నేను ఒప్పుకున్నాను. ఇరవై నిమిషాలు ఓపిక పట్టండి.

ముందు ఒక మాట. నేను గోల్ఫు బాగా ఆడేవాణ్ణి కాను. బాగా ఆడేవాళ్ళు అడవి గురించి పెద్దగా చెప్పలేరు, ఎందుకంటే వాళ్ళ బంతి అడవిలోకి వెళ్ళదు. నా బంతి వెళుతుంది. అంచేత ఈ విషయంలో నాకు కొంత అధికారం ఉందనే అనుకుంటున్నాను.

మాది విశాఖపట్నం. అక్కడ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బని బ్రిటిష్‌వాళ్ళ కాలంనాటిది ఒకటుంది. చిన్నప్పుడు మాకు గోల్ఫంటే ఆట కాదు, తుప్పల్లో దొరికే తెల్లబంతి. దాన్ని తెచ్చి గోడకేసి కొడితే క్రికెట్ బంతికన్నా బాగా ఎగిరేది. లోపల ఆడేవాళ్ళెవరో, ఏం ఆడుతున్నారో మాకు తెలీదు. అది మన ఆట కాదన్నది మాత్రం ఎవరూ చెప్పకుండానే తెలుసు.

2000 ఆగస్టులో జర్మనీ ప్రభుత్వం కంప్యూటర్ ఉద్యోగులకి గ్రీన్ కార్డు పథకం పెట్టింది. అమెరికా గ్రీన్ కార్డులాంటిది కాదు లెండి, ఐదేళ్ళ పర్మిట్. మొత్తం 20,000 అన్నారు. ఆ లెక్కలో నేనూ ఒకణ్ణై 2001లో డ్యూసెల్‌డోర్ఫ్‌లో దిగాను. ఆ ఊళ్ళో జపానువాళ్ళు ఎక్కువ. మా ఆఫీసులో ఇద్దరుండేవారు, సోమవారం వస్తే వాళ్ళ కబుర్లన్నీ గోల్ఫే. "ఖర్చెక్కువ కదా?" అని ఒకసారి అడిగాను. క్లబ్బులో చేరితే ఎక్కువ, పబ్లిక్ కోర్సులో ఆడితే సినిమాకి నలుగురు వెళ్ళినంత, అన్నాడొకాయన. అలా మొదలైంది.

అమెరికాలో ఉన్న మన శ్రోతలకి ఈ పబ్లిక్ కోర్సు సంగతి కొత్తేమీ కాదు. మీకు మునిసిపల్ కోర్సులు, కౌంటీ కోర్సులు బోలెడు. న్యూయార్క్‌లో బెత్‌పేజ్ బ్లాక్ స్టేట్ పార్కులోదే, 2002లో యు.ఎస్. ఓపెన్ అక్కడే జరిగింది. స్కాట్లాండ్‌లో సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు కూడా ఊరిదే. ఆదివారం ఆట ఆపేసి జనాన్ని షికారుకి వదిలేస్తారు. జర్మనీలో పద్ధతి వేరు. ఇక్కడ గోల్ఫు మొదట్నించీ క్లబ్బుల ఆట. దేశం మొత్తానికి గోల్ఫు సంఘం 1907లో హాంబుర్గ్‌లో పుట్టింది, పుట్టింది కూడా క్లబ్బుల సంఘంగానే. సభ్యుడు కానివాడు బంతి పట్టుకోడానికి చాలాకాలం వీలుండేది కాదు. డ్యూసెల్‌డోర్ఫ్‌లోనే రైను నది ఒడ్డున లౌస్‌వార్డ్ అనే చోట 1970ల చివర మొదలైన కోర్సు ఇక్కడి తొలితరం పబ్లిక్ కోర్సు. 1993లో ఏ క్లబ్బుకీ చెందని ఆటగాళ్ళ కోసం గోల్ఫు సంఘమే విడిగా ఒక సంస్థ పెట్టింది. ఇప్పుడు దేశంలో ఏడు వందలకి పైగా కోర్సులున్నాయి. చాలా క్లబ్బులు కూడా గ్రీన్ ఫీ, అంటే ఆ రోజుకి ఆట రుసుం, కడితే బయటివాళ్ళని ఆడనిస్తాయి.

కాని ఒక తిరకాసుంది. పబ్లిక్ అన్నారు కదా అని డబ్బు కట్టేసి లోపలికి నడిచిపోలేం. ప్లాట్స్‌రైఫె అని ఒక అర్హత కావాలి. మాటకి మాట అర్థం చెబితే 'మైదానానికి పండినవాడు' అని. మామిడిపండు ముగ్గినట్టు మనం ముగ్గాలన్నమాట! కొన్నాళ్ళు కోచ్ దగ్గర నేర్చుకోవాలి, తర్వాత రూల్సు మీద రాతపరీక్ష, ఆ తర్వాత కోర్సులో ఆయన కళ్ళముందు ఆడి చూపించాలి. డ్రైవింగ్ లైసెన్సుకి తక్కువేం కాదు. నాకు మొదట్లో ఒళ్ళు మండింది. గడ్డిమీద బంతి కొట్టడానికి పరీక్ష ఏమిటండీ! తర్వాత అర్థమైంది. గోల్ఫు బంతి గంటకి రెండు వందల కిలోమీటర్లు దాటిన వేగంతో కర్రని వదిలి వెళుతుంది. మన ముందు మనుషులుంటారు, వెనక మనుషులుంటారు. అడవి మధ్యనైతే చెట్ల వెనక కూడా ఉంటారు.

ఎందుకంటే జర్మనీలో అడవి అందరిదీ. దేశంలో సుమారు మూడోవంతు అడవే, అందులో దాదాపు సగం ప్రైవేటు మనుషుల చేతిలో ఉంది. అయినా 1975 నాటి అడవుల చట్టం ప్రకారం ఎవరైనా విశ్రాంతి కోసం అడవిలో నడవొచ్చు. సొంతదారు కాదనలేడు. ఆదివారం భోజనాలయ్యాక తాతలూ, మనవలూ, కుక్కలూ అంతా అడవిలోనే. అందుకే ఈ దేశంలో గోల్ఫు కోసం అడవి కొట్టాలంటే అంత తేలిక కాదు. అనుమతి కావాలి, సాధారణంగా దానికి బదులు వేరేచోట చెట్లు నాటాలి. కొత్త కోర్సులు చాలామటుకు పాత పొలాల్లో వచ్చాయి. అడవి మధ్య ఉన్న కోర్సు దొరికితే, అక్కడ ఆ ఖాళీ ఎలా వచ్చిందో కనుక్కోండి. సాధారణంగా ఒక కథ ఉంటుంది.

నేను ఆడిన చోట ఆ కథ గుర్రాలది. డ్యూసెల్‌డోర్ఫ్‌కి తూర్పున కొండమీద గ్రాఫెన్‌బెర్గ్ అడవి ఉంది. అందులో 1909లో గుర్రప్పందేల మైదానం కట్టారు. మన మలక్‌పేట రేసుకోర్సులా చదునుగా ఉండదు, ఎత్తుపల్లాలుగా ఉంటుంది. ఆ పందెంబాట మధ్యలోనూ, పక్కనా గోల్ఫు కోర్సు. మద్రాసువాళ్ళకి ఇది వింతేమీ కాదు. గిండీ రేసుకోర్సు మధ్యలో జింఖానా క్లబ్బువాళ్ళు దశాబ్దాలపాటు గోల్ఫు ఆడారు. నేను వెళ్ళే రోజుల్లో ప్లాట్స్‌రైఫె కార్డు చూపించి డబ్బు కడితే చాలు, ఎవరి అబ్బాయివని అడిగినవాళ్ళు లేరు. పక్కనే అడవి జంతువుల పార్కు ఉంది. 1927 నాటిది, టిక్కెట్టు లేదు. పిల్లలు జింకలకి, అడవిపందులకి కేరట్లూ, ఆపిళ్ళూ పెట్టేవారు. మా ఆవిడ అక్కడికి, నేను ఇక్కడికి. అలా సంసారం సాగింది.

మా మావయ్యగారు ఒక వేసవిలో వచ్చారు. అనకాపల్లి దగ్గర వ్యవసాయం చేసిన మనిషి. కోర్సు అంచున నిలబడి చాలాసేపు చూసి, "అల్లుడుగారూ, ఇంత గడ్డి పెంచి ఒక్క ఆవునైనా మేపరా?" అనడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఇక ఆట గురించి. అసలేమీ తెలీనివాళ్ళకి నాలుగు ముక్కలు. మన కర్రా బిళ్ళా ఆటలో బిళ్ళని ఎంత దూరం కొడితే అంత గొప్ప. గోల్ఫులో ఎన్ని తక్కువ దెబ్బల్లో బంతిని గుంటలో వేస్తే అంత గొప్ప. మొదలుపెట్టే చోటు టీ. గుంట ఉన్న నున్నటి చోటు గ్రీన్. మధ్యలో కత్తిరించిన గడ్డిబాట ఫెయిర్‌వే. దానికి రెండుపక్కలా ఎత్తుగడ్డి, అది దాటితే, మా కోర్సులోనైతే, చెట్లు.

అడవిలో చెట్లంటే ఇక్కడ ఎక్కువగా బీచ్ చెట్లు. విశాఖ బీచి కాదండోయ్, జర్మన్‌లో బూఖె అంటారు, ఏనుగు కాలులాంటి బూడిదరంగు నున్నటి మాను. ఈ చెట్లు ఆటని రెండు మూడు విధాలుగా మార్చేస్తాయి. మొదటిది గాలి. చెట్ల మధ్య నిలబడితే ఆకు కదలదు, గాలి లేదనుకుని కొడతాం. బంతి చెట్ల తలలు దాటి పైకి లేచాక అసలు గాలి అందుకుని పక్కకి తోసేస్తుంది. అందుకని కింద గడ్డిపోచలు ఎగరేసి చూస్తే లాభం లేదు, పై కొమ్మలు చూడాలి. రెండోది నీడ. చెట్ల నీడలో గడ్డి సరిగా పెరగదు, నాచు పడుతుంది, వేర్లు పైకి తేలతాయి. వేరుమీదున్న బంతిని గట్టిగా కొడితే వేరు కదలదు, మన మణికట్టే కదులుతుంది. నాకు మూడువారాలు కట్టు కట్టారు. శరదృతువులో ఎండ ఆలస్యంగా తగులుతుంది కాబట్టి గ్రీన్ మీద మంచు పదింటిదాకా కరగదు. మంచుపట్టిన గడ్డిని తొక్కితే చచ్చిపోతుంది. అంచేత పొద్దున్నే వెళ్ళినవాళ్ళని ఆపేస్తారు. కోప్పడకండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, అడవిలోంచి బయటికి రావడం. కొత్తవాళ్ళందరూ చేసే తప్పొకటే. రెండు మానుల మధ్య బెత్తెడు సందు కనిపిస్తుంది, దాని చివర గ్రీన్ కనిపిస్తుంది. కొట్టెయ్యొచ్చు అనిపిస్తుంది. కొడతాం. టక్కుమని చప్పుడు, బంతి ఇంకా లోపలికి. ఆ చప్పుడు ఒకసారి విన్నవాడు మరిచిపోడు. మా కోచ్ ఒకే మాట చెప్పేవాడు: అన్నిటికన్నా దగ్గరగా ఎక్కడ గడ్డిబాట ఉందో అటు కొట్టు, అది పక్కకైనా సరే, వెనక్కైనా సరే. ఒక దెబ్బ నష్టం, అంతే. అదీ కుదరకపోతే ఈ బంతి ఆడలేనని మనమే ప్రకటించి, ఒక దెబ్బ జరిమానా వేసుకుని, రెండు కర్రల పొడవులో గుంటకి దగ్గరవకుండా బంతిని వదులుకోవచ్చు. ఎవర్నీ అడగక్కర్లేదు. ఈ రూలు గురించి తెలిసి కూడా వాడుకోని మగవాళ్ళు చాలామంది. నాతో సహా.

చెట్ల సంగతి వచ్చింది కనక బెర్న్‌హార్డ్ లాంగర్ గురించి చెప్పాలి. ఆగ్స్‌బుర్గ్ దగ్గర పల్లెటూళ్ళో తాపీమేస్త్రీ కొడుకు. తొమ్మిదో ఏట గోల్ఫు కోర్సులో సంచులు మోయడానికి చేరాడు. 1985లో, 1993లో అమెరికాలో మాస్టర్స్ గెలిచాడు. ఆయన 1981లో ఇంగ్లండ్‌లో, యార్క్ దగ్గర ఫుల్‌ఫర్డ్‌లో ఆడుతుంటే బంతి వెళ్ళి చెట్టుకొమ్మల్లో ఇరుక్కుంది. ఆయన కర్ర పట్టుకుని చెట్టెక్కి, అక్కణ్ణించే గ్రీన్ మీదికి కొట్టాడు! బంతి ఎక్కడుంటే అక్కణ్ణించే ఆడాలన్న రూలుకి అంతకన్నా మంచి ఉదాహరణ లేదు. మీరు మాత్రం ఎక్కకండి, ఇన్సూరెన్సు వాళ్ళతో నేను మాట్లాడలేను.

బంతి పోవడం గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే నా కథంతా అక్కడే ఉంది. అడవి అంచుకి వెళ్ళిన బంతి దొరక్కపోవచ్చని అనుమానం వస్తే, అక్కణ్ణించి కదలకముందే 'ఇది ప్రొవిజనల్' అని పైకి చెప్పి ఇంకో బంతి కొట్టి ఉంచాలి. మొదటిది దొరికితే రెండోది జేబులోకి. దొరక్కపోతే రెండోదే ఆట, ఒక దెబ్బ జరిమానా. ఇలా చెయ్యకపోతే మళ్ళీ మొదటికి నడిచి వెళ్ళాలి. వెతకడానికి అప్పట్లో 5 నిమిషాలు ఇచ్చేవారు. 2019 నుంచి 3 నిమిషాలే. వెతుకుతుంటే పొరపాటున మన కాలు తగిలి బంతి కదిలినా ఇప్పుడు జరిమానా లేదు, ఉన్నచోట పెట్టెయ్యాలి. రాలిన ఆకులు తీసెయ్యొచ్చు, కాని ఆకు తీస్తుంటే బంతి కదిలిందో, దెబ్బ లెక్క. ఇంకోటి, అన్ని బంతులూ ఒకేలా ఉంటాయి. అదే కంపెనీ, అదే అంకె. అందుకని ఇంకు పెన్నుతో ఏదో ఒక గుర్తు పెట్టుకోవాలి. మా బంతులకి గుర్తు పెట్టేది మా అమ్మాయి. నీలంరంగు చుక్క.

2012 అక్టోబరు. మా అమ్మాయికి పదకొండేళ్ళు. వాళ్ళమ్మకి ఒంట్లో బాగోలేదని ఆ రోజు దాన్ని నాతో తీసుకెళ్ళాను. సంచిబండి లాగడం దాని పని. నాతో ఆడిన ఆయన రిటైరైన పెద్దమనిషి, డెబ్బై దాటినవాడు. ఆయనకి ప్రతి దెబ్బా లెక్కపెట్టే పాతపద్ధతి, స్ట్రోక్ ప్లే, ఇష్టం. ఒకరి లెక్క ఒకరు రాయాలి. నా కార్డు ఆయన దగ్గర, ఆయన కార్డు నా దగ్గర.

ఒక హోల్లో నా మొదటి దెబ్బ ఎడంపక్క బూఖె చెట్లలోకి పోయింది. చప్పుడు రాలేదు కనక మాను తగల్లేదు, దొరుకుతుందిలే అని ప్రొవిజనల్ కొట్టలేదు. వెళ్ళి చూస్తే నేలంతా రాగిరంగు ఆకులు, చీలమండల దాకా. ముగ్గురం వెతికాం. ఆయన ఒకపక్క, అమ్మాయి ఒకపక్క. వెనక ఇద్దరు ఆడవాళ్ళు ఎదురుచూస్తున్నారు. నా కాలికింద ఒక బంతి తేలింది. అదే కంపెనీ, అదే అంకె, 3. చుక్క లేదు. చుక్క కిందపక్క ఉందేమో అనుకున్నాను. తిప్పి చూడలేదు. "దొరికింది!" అన్నాను.

చెప్పొద్దూ, దాన్ని చాలా బాగా కొట్టాను. పక్కకి బయటికి, అక్కణ్ణించి గ్రీన్ మీదికి, రెండు దెబ్బల్లో గుంటలోకి. ఆయన పెన్సిలు తీసి, "ఫ్యూన్ఫ్?" అన్నాడు. ఐదు. అవునన్నాను. రాశాడు.

తర్వాతి టీ దగ్గర బంతి పెడుతుంటే మా అమ్మాయి నెమ్మదిగా, తెలుగులో, "నాన్నా, దీనికి చుక్క లేదు," అంది.

మనకి పరాయిదేశంలో తెలుగు ఒక గది లాంటిది. తలుపేసుకుని ఏదైనా మాట్లాడుకోవచ్చు. బేరాలు, తగువులు, పక్కవాళ్ళ మీద విసుర్లు. ఆ పెద్దమనిషికి ఒక్క ముక్క అర్థం కాలేదు, నవ్వుతూ నిలబడ్డాడు. "చెరిగిపోయి ఉంటుందమ్మా" అని తెలుగులో ఒక్కమాట అంటే అక్కడితో ఐపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. అది నా మొహం చూడకుండా బండి హ్యాండిల్ చూస్తోంది. పిల్లలు అలా చూడడం మానేసినప్పుడు వాళ్ళకి జవాబు తెలుసని అర్థం.

ఆయనతో జర్మన్‌లో చెప్పాను. ఇది నా బంతి కాదు, అప్పుడే నాకు అనుమానం వచ్చింది, చెప్పలేదు అని. నా జర్మన్ అంత బాగోదు, ఆ వాక్యం మాత్రం తప్పుల్లేకుండా వచ్చింది.

రూలు ఏమిటంటే, వేరేవాళ్ళ బంతి కొడితే రెండు దెబ్బల జరిమానా. ఆ బంతితో కొట్టినవి లెక్కలోకి రావు. తర్వాతి హోల్లో మొదటి దెబ్బ కొట్టేలోగా వెనక్కి వెళ్ళి సరిదిద్దుకోవాలి, లేకపోతే ఆ ఆట మొత్తం చెల్లదు. నేనింకా కొట్టలేదు. ఆయన గడియారం చూసి, "అయితే వెళ్ళండి, మేముంటాం," అన్నాడు. కోపం లేదు, మెచ్చుకోలూ లేదు. రైలు ఎన్నో ప్లాట్‌ఫారానికి వస్తుందో చెప్పినట్టు చెప్పాడు. వెనకొచ్చిన ఆడవాళ్ళిద్దర్నీ ముందుకి పంపించాడు.

నా బంతికి వెతికే సమయం ఎప్పుడో దాటింది కనక అది పోయినట్టే. మళ్ళీ పాత టీ దాకా మూడు వందల మీటర్లు నడిచాను. అమ్మాయి బండితో వెనకే వచ్చింది, రావద్దన్నా వచ్చింది. సంచిలోంచి ఒక బంతి తీసి, తిప్పి చుక్క చూసి ఇచ్చింది. మొదటి దెబ్బ ఒకటి, పరాయి బంతికి రెండు, పోయిన బంతికి ఒకటి, అంటే ఇప్పుడు కొట్టేది ఐదోది. తిన్నగానే వెళ్ళింది. మొత్తం పది. ఆయన ఐదు కొట్టేసి పక్కన పది వేసి, "ట్సేన్," అని పైకి చదివాడు. తర్వాత నలుగురం దిగినట్టు అమ్మాయికి కూడా షేక్‌హ్యాండ్ ఇచ్చి, నీకు కూడా నేర్పమను మీ నాన్నని, అన్నాడు. నేర్పలేదు. దానికి ఈత ఇష్టం.

టైమైపోయిందని సైగ చేస్తున్నారు. రెండు ముఖ్యమైనవి చెప్పి ముగిస్తాను. ఒకటి ఉరుములు. అడవి కోర్సులో ఒక్కటే పొడుగాటి సైరన్ వినిపిస్తే ఉన్నపళంగా ఆట ఆపెయ్యాలి, బంతి అక్కడే వదిలెయ్యొచ్చు. పిడుగులప్పుడు ఓక్ చెట్టుకింద ఉండకు, బీచ్ చెట్టుకింద ఉండు అని ఇక్కడ పెద్దవాళ్ళు ఒక సామెత చెబుతారు. నమ్మకండి. పిడుగుకి ఆ తేడా తెలీదు, నున్నటి బీచ్ మానుమీద మచ్చ పెద్దగా కనబడదు, అంతే. ఏ చెట్టుకిందా వద్దు, కట్టడం లోపలికి వెళ్ళండి. రెండోది పిడుదులు. మన పశువులకి పట్టేవే, ఇక్కడ మనుషులకి పడతాయి, బొర్రీలియా జబ్బు తెస్తాయి. వసంతం నుంచి ఆకులు రాలేదాకా పొడుగు ప్యాంటు వేసుకుని, మేజోళ్ళు దానిపైకి లాక్కోండి. ఇంటికొచ్చాక మోకాళ్ళ వెనక, చంకల్లో, పిల్లలకైతే జుట్టు మొదళ్ళలో కూడా చూడండి. ఆ రాత్రికే తీసేస్తే జబ్బు సోకే అవకాశం బాగా తక్కువ. ఆకుల్లో బంతి వెతికిన రోజున తప్పకుండా చూసుకోండి. సెలవు.